గోధుమపైరుకు కావలి: డాక్టర్ బి. పి. పాల్

మా శ్రీరంగాపూర్ గ్రామమున రంగసముద్రము చెరువు క్రింద వరి పండును. మెట్టచేలలో వేరుసెనగ పండును. యాసంగి వేరుసెనగ కాయపట్టు దినములలో ఆకును త్రిప్పి చూచినచో, కొన్ని సంవత్సరములు క్రిందివైపున నారింజరంగు పొక్కులు కానవచ్చును. వ్రేలితో రాచినచో ఇటుకపొడి వంటిది అంటుకొనును. దీనినే మన రైతులు తుప్పు తెగులు అందురు. నేను బడిలో పనిచేయు దినములలో పిల్లలను చేలవెంట తీసికొనిపోయి, ఆ పొడిని వారి వ్రేళ్లకు అంటించి చూపుట నాకొక అలవాటుగా ఉండెడిది. అది దుమ్ము కాదు; కంటికి ఆనని శిలీంధ్రము యొక్క సిద్ధబీజములు. ఒక్క పొక్కులో అవి వేలకొలది ఉండును.

గోధుమకును ఇట్టి తెగులు కలదు. దానిని కలిగించు శిలీంధ్రము వేరు; వేరుసెనగ తుప్పు గోధుమకు అంటదు, గోధుమ తుప్పు వేరుసెనగకు అంటదు. మన ప్రాంతమున గోధుమ సాగు దాదాపు లేదు కనుక ఆ తెగులు ముఖము మనకు తెలియదు. కాని పండుగనాటి పూరీ, ఉదయపు గోధుమరవ్వ ఉప్మా, రాత్రి చపాతీ మన ఇండ్లకు ఉత్తరదేశపు చేలనుండియే వచ్చుచున్నవి. ఆ చేలను తుప్పునుండి కాపాడుటకు తన జీవితములో అధిక భాగమును వెచ్చించిన మహాశయుని కథను ఇప్పుడు చదువుకొందము. ఆయన పేరు బెంజమిన్ పియరీ పాల్. లోకమునకు బి. పి. పాల్ అనియే పరిచితుడు.

గోధుమకు వచ్చు తుప్పు మూడు విధములు. కాండమును పట్టునది నల్లతుప్పు. ఆకును పట్టునది గోధుమవన్నె తుప్పు. చలిప్రదేశములలో ఆకులపై చారలుచారలుగా వచ్చునది పసుపుతుప్పు. వీనిలో నల్లతుప్పు మిక్కిలి క్రూరమైనది. మాఘమాసములో పచ్చగా, నిండుగా, రైతు కన్నులకు పండువగా ఉన్న చేను ఫాల్గుణము వచ్చుసరికి కాండము చర్మము చిట్లి, లోని తడియంతయు ఆరిపోయి, గడ్డివలె వ్రాలిపోవును. కంకిలోని గింజ పాలు పోసికొను దశయందే ఎండి ముడుతలు పడును. విత్తుటకు, దున్నుటకు, నీరు కట్టుటకు కావలసిన ఖర్చంతయు అయిపోయిన తరువాత, కోతకు కొలదివారముల ముందు ఈ విపత్తు వచ్చును. షావుకారు అప్పు మాత్రము అట్లే ఉండును. 19వ శతాబ్దము తొలి భాగమున నర్మదాతీరమున అధికారిగా ఉండిన స్లీమన్ అను ఆంగ్లేయుడు అచ్చటి గోధుమలను ఈ తెగులు పాడుచేసిన వైనమును తన గ్రంథమున వ్రాసియున్నాడు. అనగా ఇది నిన్న మొన్నటి శత్రువు కాదు.

పాల్ 1906 మే 26వ తేదీన పంజాబులోని ముకుంద్‌పూర్ గ్రామమున జన్మించెను. తండ్రి వైద్యుడు, ఉద్యోగరీత్యా బర్మా దేశమున ఉండెను. అందుచే బాలుని చదువు బర్మాలోని మేమ్యో అను కొండపట్టణమున సాగెను. మేమ్యో చల్లని ఊరు, పూలతోటలకు ప్రసిద్ధి. గులాబీలపై పాల్ పెంచుకొన్న ప్రేమకు అచ్చటనే అంకురము పడినది. రంగూను విశ్వవిద్యాలయమున వృక్షశాస్త్రము చదివి, పిమ్మట ఇంగ్లండు వెళ్లి కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున చేరెను.

కేంబ్రిడ్జికి వెళ్లుట ఆయన జీవితమున పెద్ద మలుపు. అచ్చట సర్ రోలండ్ బిఫెన్ అను ఆచార్యుడు ఉండెను. బఠానీ మొక్కలపై మెండెల్ కనిపెట్టిన అనువంశిక సూత్రములు మీరు విజ్ఞానశాస్త్ర పాఠములలో చదివియుందురు. పసుపుతుప్పును తట్టుకొను శక్తి కూడ ఆ సూత్రములను అనుసరించియే తల్లిదండ్రుల నుండి పిల్లమొక్కలకు సంక్రమించునని 1905లో బిఫెన్ నిరూపించెను. అంతవరకు తెగులు తట్టుకొనుట మొక్క అదృష్టమని తలచెడివారు. అది సంక్రమించు గుణమని తేలినతోడనే, ఆ గుణమును కోరి తెచ్చుకొని, కోరిన రకమునకు కలుపవచ్చునను ఆశ కలిగెను. బిఫెన్, ఎంగిల్‌డో అను ఆచార్యుల వద్ద గోధుమపై పరిశోధన చేసి పాల్ డాక్టరు పట్టమును పొందెను. కొలదికాలము బర్మాలో వరి పరిశోధనశాఖలో పనిచేసి, 1933లో బీహారు రాష్ట్రమునందలి పూసా గ్రామములోని ఇంపీరియల్ వ్యవసాయ పరిశోధన సంస్థలో ఉద్యోగమునకు వచ్చెను.

పూసా సంస్థ 1905లో లార్డ్ కర్జన్ కాలమున, హెన్రీ ఫిప్స్ అను అమెరికా ధనికుడిచ్చిన విరాళముతో ఏర్పడినది. ఫిప్స్ పేరులోని అక్షరమును, అమెరికా పేరులోని అక్షరములను కలిపి పూసా అని పేరు పెట్టిరని ఒక ముచ్చట వ్యాపించియున్నది. వినుటకు బాగుండును గాని నిజము కాదు. ఆ ఊరి పేరు అంతకు చాలకాలము ముందే పూసా. సంస్థ పుట్టిన తొలిదినములలో ఆల్బర్ట్ హోవర్డ్, ఆయన భార్య గేబ్రియల్ అచ్చట గోధుమలపై పనిచేసి పూసా 4, పూసా 12 మున్నగు మంచి రకములను తయారుచేసిరి. వాని గింజ బాగుండెడిది; పంట బాగుండెడిది. కాని మూడు తుప్పులను ఎదిరించి నిలువగల రకము మాత్రము దేశమున ఇంకను లేదు.

పాల్ వచ్చిన కొలదినెలలకే, 1934 జనవరి 15వ తేదీ మధ్యాహ్నము బీహారున భయంకరమైన భూకంపము వచ్చెను. పూసాలోని సంస్థ ప్రధానభవనము కూలిపోయెను. తరువాత సంస్థను ఢిల్లీ నగరమునకు తరలించిరి. 1936 నుండి అది అచ్చటనే ఉన్నది. అయినను ఢిల్లీలోని ఆ ప్రదేశమును నేటికిని జనులు పూసా అనియే పిలుచుచున్నారు. 1937లో పాల్ అందలి వృక్షశాస్త్రశాఖకు అధిపతి అయ్యెను.

ఇచ్చట మరియొక పెద్దమనిషిని గురించి చెప్పక తప్పదు. ఆగ్రా కళాశాలలో కరంచంద్ మెహతా అను ఆచార్యుడుండెను. ఆయనను వేధించిన ప్రశ్న ఇది: కోత అయిన తరువాత వైశాఖ జ్యేష్ఠముల మండుటెండలో మైదానములందలి సిద్ధబీజములన్నియు మాడిపోవును గదా, మరుసటి శీతకాలమున తుప్పు తిరిగి ఎచ్చటనుండి వచ్చుచున్నది? పాశ్చాత్యదేశములలో బార్బెర్రీ అను ముళ్లపొద నల్లతుప్పునకు ఆశ్రయమిచ్చును. మన దేశమున ఆ పొదకు ఈ విషయమున పాత్ర లేదని మెహతా తేల్చెను. ఏండ్ల తరబడి కొండలెక్కి దిగి, నమూనాలు సేకరించి, గాలిలో తేలు సిద్ధబీజములను గాజుపలకలపై పట్టి పరిశీలించి, ఆయన రహస్యమును కనుగొనెను. వేసవిలో తుప్పు చల్లని కొండలలో దాగుకొనును. ఉత్తరమున హిమాలయములు, దక్షిణమున నీలగిరి, పళని కొండలు దానికి నెలవులు. కొండలపై అకాలమున మొలచిన గోధుమమొక్కలను పట్టుకొని బ్రతికి, శీతకాలమున గాలివెంట మైదానములకు దిగును. దక్షిణపు కొండలనుండి లేచిన నల్లతుప్పు దక్కను పీఠభూమిమీదుగా మధ్యభారతమునకు ప్రయాణము చేయును. గోధుమ పండని మన నేలకు పైన, ఆకాశమున, గోధుమకు శత్రువు సాగిపోవు బాట కలదన్నమాట!

కొండలన్నిటిలోని గోధుమమొక్కలను పీకివేయుట సాధ్యమా? చేనంతటికి మందు చల్లుట ఆనాటి పేదరైతుకు శక్యమా? రెండును జరుగునవి కావు. మిగిలిన త్రోవ ఒక్కటే. తుప్పు వచ్చి వాలినను లోనికి చొరనీయని మొక్కను సృష్టింపవలెను. అట్టి విత్తనమునకు రైతు అదనముగా ఖర్చుపెట్టవలసినది ఏమియు లేదు. ఎప్పటివలె చల్లును, ఎప్పటివలె కోయును. తన పంటలో కొంత మరుసటి ఏటికి దాచుకొనును. మెహతా శత్రువు జాడ తీయగా, ఆ మొక్కను తయారుచేయు భారము పాల్ తలకెత్తుకొనెను.

ఈ పని ఎట్లు చేయుదురో కొంచెము వివరముగా తెలిసికొనవలెను. గోధుమ పువ్వు మిక్కిలి చిన్నది. ఒక్కొక్క పువ్వులో మూడు కేసరములు, నడుమ ఈకవంటి కీలాగ్రము ఉండును. తనలోని పుప్పొడితో తానే ఫలదీకరణము చెందుట దాని స్వభావము. రెండు రకములను సంకరము చేయదలచినచో, పువ్వు విచ్చుకొనక ముందే సన్నని పట్టకారుతో ఆ మూడు కేసరములను తీసివేయవలెను. ఒక్కటి మిగిలినను శ్రమయంతయు వ్యర్థము. తరువాత కంకికి కాగితపు సంచి తొడిగి, గుర్తుచీటి కట్టి, రెండు మూడు దినములు ఆగి, వేరొక రకపు పుప్పొడిని తెచ్చి కీలాగ్రముపై చల్లవలెను. ఇంతచేసినను ఒక కంకికి కొలది గింజలు మాత్రమే వచ్చును. వంగి నిలువబడి, మాటిమాటికి కన్ను చికిలించుచు, ఇట్లు కంకి తరువాత కంకి!

ఆ గింజలనుండి మొలచిన మొదటి తరము మొక్కలు చూచుటకు ఒక్కతీరుగా ఉండును. వాని సంతానమున మాత్రము తాతల గుణములన్నియు విడివడి నానావిధములుగా బయటపడును. ఒకదానికి నల్లతుప్పు అంటదు, కాని గింజ చిన్నది. మరొకదాని గింజ ముత్యమువలె ఉండును, కాని పసుపుతుప్పునకు లొంగిపోవును. మూడు తుప్పులకు మూడు జన్యువులు చాలునని సులభముగా అనుకొన్నను, ఆ మూడును స్థిరముగా ఒక్కచోట చేరిన మొక్క రెండవ తరమున 64 మొక్కలకు ఒకటి మాత్రమే వచ్చును. లెక్క తెలిసిన విద్యార్థులు సరిచూచుకొనవచ్చును. నిజమునకు లెక్క ఇంత తేలిక కాదు. తుప్పులో ఒక్కొక్క విధమునకు మరల అనేక జాతులు కలవు. ఒక జాతిని గెలిచిన మొక్క వేరొక జాతికి ఓడిపోవచ్చును. పైగా గింజ దిగుబడి, పంటకాలము, రొట్టె మెత్తదనము, గింజ రంగు మొదలగునవన్నియు చూడవలెను. అందుచే వేలకొలది మొక్కలు పెంచి, తెగులును కావలెనని తెచ్చి వానిపై చల్లి, నశించినవానిని పారవేసి, నిలిచిన కొలదిమొక్కల విత్తులను మరల నాటవలెను. ఇతరులు తెగులును తరిమివేయ జూతురు. వీరు దానిని పిలిచి ఆతిథ్యమిత్తురు. ఇట్లు ఎనిమిది పది తరములు గడచినగాని రకము స్థిరపడదు. గోధుమ ఏటికి ఒక్కమారు పండును గదా! కాలము కలిసివచ్చుటకై మైదానమున శీతకాలపు పంటయు, కొండలలో వేసవి పంటయు పండించు ఏర్పాటు చేసికొనిరి. సిమ్లా కొండలలోను, తరువాత నీలగిరులలోని వెల్లింగ్టనులోను సంస్థకు ఇట్టి క్షేత్రములు ఏర్పడినవి. శత్రువు దాగుకొను కొండలలోనే శత్రువును గెలువగల మొక్కలను పరీక్షించుట ఎంత సమంజసము!

ఈ పని నడుమనున్నప్పుడే ఘోరవిపత్తు వచ్చెను. 1946-47 సంవత్సరమున మధ్యభారతమున నల్లతుప్పు చెలరేగెను. దాదాపు 20 లక్షల టన్నుల గోధుమ నష్టమైనదని అంచనా. ఆ సంఖ్యను ఊరక చదివి విడువకుడు. మనిషికి దినమునకు అరకిలో చొప్పున లెక్కించినచో, కోటి మందికి పైగా జనులకు ఏడాది గ్రాసము. బంగాళమున లక్షలమంది ఆకలితో మరణించిన 1943 కరవు గడచి అప్పటికి నాలుగేండ్లయినను కాలేదు. దేశము స్వాతంత్ర్యమునకు సిద్ధమగుచున్న కాలమున చేలలో పరిస్థితి ఇది. పాల్ వద్ద సంకరమొక్కలు పరీక్షలలో ఉన్నవి, కాని రైతు చేతికి ఇచ్చుటకు తగిన రకము ఇంకను సిద్ధముగా లేదు. తొందరపడి సగము పరీక్షించిన విత్తనమును పంచిపెట్టినచో, అది మరుసటి ఏడు కూలిపోవచ్చును; రైతునకు శాస్త్రముపై నమ్మకమే పోవచ్చును. ఆయన తొందరపడలేదు. అట్టి సమయమున ఓర్చుకొనుట ఎంత కష్టమో పెద్దపనులు చేసినవారికే తెలియును.

1950లో మెహతా కన్నుమూసెను. ఆ సంవత్సరమే పాల్ సంస్థకు సంచాలకుడయ్యెను. 1954లో ఎన్. పి. 809 అను రకము విడుదలయ్యెను. ఎన్. పి. అనగా న్యూ పూసా. అనేక దేశముల గోధుమలను మన గోధుమలతో మరల మరల సంకరము చేయగా వచ్చిన ఫలమిది. మూడు తుప్పులను తట్టుకొనగల రకమును సాధించుట మన దేశమున అదియే మొదటిసారి. కృషి మొదలుపెట్టిన పిమ్మట ఇరువది సంవత్సరములకు చేతికి వచ్చిన కంకి అది.

ఇచ్చటితో కథ ముగిసినదని తలచెదరేమో! నా దృష్టిలో పాల్ గొప్పతనము ఇకమీదనే ఎక్కువగా కానవచ్చును. ఎన్. పి. రకములన్నియు పొడవైన గడ కలవి. తక్కువ నీటితో, తక్కువ ఎరువుతో పండుటకు అవి తగినవి. దేశమున జనము పెరిగెను. దిగుబడి పెంచవలసి వచ్చెను. ఎరువు ఎక్కువ వేసినచో పొడవైన గడ కంకి బరువును మోయలేక నేలకు ఒరిగిపోవును. పంట పడిపోయిన చేనిలో కోతయు కష్టము, గింజయు నష్టము. ఆ కాలమున మెక్సికో దేశమున నార్మన్ బోర్లాగ్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు, జపాను దేశపు పొట్టి గోధుమ రక్తమును కలిపి, పొట్టిగా గట్టిగా నిలిచి ఎరువును తట్టుకొను రకములను తయారుచేసెను. ఆయన కూడ తుప్పుపై పోరాడుటకే మెక్సికో వెళ్లినవాడు. ఏటికి రెండు పంటలు రెండు ప్రదేశములలో పండించి పరీక్షించినవాడు. దూరదేశములలో ఇద్దరును ఒక్క త్రోవనే నడచిరి.

పాల్ క్రింద పనిచేయుచుండిన స్వామినాథన్ అను యువశాస్త్రజ్ఞుడు బోర్లాగును రప్పింపవలెనని సూచించెను. తన రెండు దశాబ్దుల కృషి ఫలమును వెనుకకు నెట్టగల విత్తనములను తన సంస్థ గుమ్మములోనికి పిలుచుటయా? వేరొకరైనచో ఆ కాగితమును బల్ల సొరుగులో ఉంచియుందురు. పాల్ దానిని ప్రభుత్వమునకు పంపెను. 1963 మార్చిలో బోర్లాగ్ భారతదేశమునకు వచ్చి చేలు చూచి, తరువాత విత్తనములు పంపెను. 1965లో పాల్ భారత వ్యవసాయ పరిశోధన మండలికి మహాసంచాలకుడయ్యెను. ఆ పదవి పొందిన మొదటివాడు ఆయనయే. 1966లో వర్షములు లేక దేశము కోటి టన్నులకు పైగా ధాన్యమును దిగుమతి చేసికొనవలసి వచ్చినది. ఆ సంవత్సరమే మెక్సికోనుండి 18,000 టన్నుల గోధుమ విత్తనము వచ్చెను. వాని గింజ ఎర్రనిది. మన ఇల్లాండ్రకు ఆ రంగు రొట్టె నచ్చలేదు. మన శాస్త్రజ్ఞులు వానిలోనుండి తెల్లని పసిమి గింజ గల కల్యాణ్ సోనా, సోనాలికా మున్నగువానిని ఏరి ఇచ్చిరి. 1964-65లో సుమారు 1 కోటి 23 లక్షల టన్నులుగా ఉన్న గోధుమ ఉత్పత్తి 1971-72 నాటికి 2 కోట్ల 64 లక్షల టన్నులకు పెరిగెను. ఎన్. పి. 809 క్రమముగా చేలనుండి తప్పుకొనెను.

తుప్పు మాత్రము తప్పుకొనలేదు. లక్షలాది ఎకరములలో ఒక్క కల్యాణ్ సోనానే విత్తుటచే, దానిని గెలువగల క్రొత్త తుప్పుజాతికి విందు దొరకినట్లయ్యెను. కొలది సంవత్సరములకే ఆ రకము గోధుమవన్నె తుప్పునకు లొంగిపోయెను. అప్పుడు ఒక్క రకమునే అంతటను విత్తక, భిన్నమైన నిరోధకశక్తి గల అనేక రకములను ప్రాంతమునకు తగినట్లు పంచవలెనను నీతి బలపడెను. ఆ దశాబ్దమున అఖిలభారత గోధుమ పరిశోధన పథకమునకు సమన్వయకర్తగా ఉండినవాడు మన తెలుగువాడగు మంగిన వెంకటేశ్వరరావు. పశ్చిమగోదావరి జిల్లాలో 1928లో పుట్టి, బాపట్ల వ్యవసాయ కళాశాలలో చదివి, పాల్ సంచాలకుడుగా ఉన్న కాలమున ఢిల్లీ సంస్థలో గోధుమపని నేర్చినవాడు. వరిచేల నడుమ పెరిగినవాడు గోధుమకు పెద్దదిక్కగుట చిత్రమే! ఆయన 2016లో మరణించెను.

పాల్ మితభాషి. వివాహము చేసికొనలేదు. పగలు గోధుమ, తీరిక దొరకినప్పుడు గులాబి ఆయనకు బంధువులు. గోధుమకు నేర్చిన పట్టకారుపనినే గులాబీలకును ఉపయోగించి క్రొత్త రకములు సృష్టించెను. వానిలో ఒకదానికి డాక్టర్ హోమీ భాభా పేరు పెట్టెను. మన దేశపు గులాబీలను గురించి గ్రంథము వ్రాసెను. 1941లో జన్యుశాస్త్ర, సస్యప్రజనన సంఘమును స్థాపించి, దాని పత్రికను చాలకాలము తానే నడపెను. 1968లో పద్మభూషణ్, 1987లో పద్మవిభూషణ్ బిరుదులు లభించినవి. 1972లో లండను రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా ఎన్నుకొనెను. బిరుదులు వచ్చిన దినమున కూడ ఆయన తోటపని మానలేదని వినికిడి.

1989 సెప్టెంబరు 14వ తేదీన పాల్ పరమపదించెను. తన ఆస్తిని తాను పనిచేసిన సంస్థకే విడిచిపోయెను. సెప్టెంబరు మాసమున ఢిల్లీ చేలలో గోధుమ ఉండదు; దున్ని విత్తుటకు ఇంకను నెలన్నర గడువు ఉండును. ఆ యేడును కార్తికమున సంస్థ క్షేత్రములో ఎప్పటివలె సాళ్లు తీసిరి, క్రొత్త సంకరముల గింజలు విత్తిరి, ప్రక్క సాళ్లలో తుప్పునకు సులభముగా లొంగు గోధుమను కావలెననియే నాటిరి.